గుణం లేని మేనేజర్‌కి నిజం ఎవరూ చెప్పరు

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

ఆ మధ్య ఆదివారం మీ పేపర్లో ఆఫీసుల్లో లీడర్‌షిప్ గురించి పెద్ద వ్యాసం వేశారు, మొత్తం చదివాను, డిగ్రీ చదివే మా అబ్బాయి చేత కూడా చదివించాను, బాగానే రాశారు కానీ నాకు ఒక అసంతృప్తి ఉండిపోయింది అందుకే ఈ ఉత్తరం. మాట తీరు, టైమ్ మేనేజ్‌మెంట్, టార్గెట్లు, టీమ్‌ని మోటివేట్ చెయ్యడం, ఆఖరికి డ్రెస్సింగ్ గురించి కూడా రాశారు గానీ అసలు ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎట్టాంటోడు అనేది ఒక్క లైన్లో తేల్చేశారు, నిజాయితీ కూడా ఉంటే మంచిది అని. ఉంటే మంచిది కాదండి, అది లేకపోతే మీరు చెప్పిన మిగతావి ఏవీ పని చెయ్యవు. నేను గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో చాలా ఏళ్ళుగా అకౌంట్స్ చూస్తన్నాను, పెద్ద చదువులు లేవు, కానీ లెక్కలు చూసేవాడికి పై వాళ్ళ గుణం అందరికంటే ముందు తెలుస్తది, ఎందుకంటే అంకె బాగోలేని రోజున మనిషి ఏం చేస్తాడో మేమే చూస్తాం.

ఇంతకుముందు పని చేసిన చోట (పేరు అనవసరం) ఒక మేనేజర్ గారు ఉండేవారు. చాలా తెలివైనోడు, ఇంగ్లీషు, హిందీ అన్నీ గడగడా మాట్లాడతాడు, బయ్యర్లని ఒప్పించడంలో ఆయన తర్వాతే ఎవరైనా, అందుకే చిన్న వయసులోనే పైకొచ్చాడు. కానీ ఎవరన్నా చిన్న సమస్య తీసుకెళ్తే చాలు అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాడు, తొడిమలు తీసే ఆడవాళ్ళు తన తల్లి వయసు వాళ్ళయినా ఏమే అనే పిలుపు, గోడౌన్ ఇన్‌ఛార్జిని బస్తాలు మోసే ముఠా కూలీల ముందే ఏరా అనడం. ఇది కోపం, మనిషి మంచోడే అని ఓనర్ గారు సర్ది చెప్పేవారు.

ఒకసారి యూరప్ ఆర్డర్‌కి తేజ రకం లాటు ప్యాక్ అవుతోంది. మీ పాఠకుల్లో ఈ వ్యాపారం తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, మిర్చిలో తేమ పది పదకొండు శాతం దాటి నిల్వ ఉంటే లోపల బూజు పట్టిద్ది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం వచ్చిద్ది, యూరప్ వాళ్ళు బీ1 రకం అయితే 5 పీపీబీ, మొత్తం కలిపి 10 పీపీబీ దాటితే సరుకు లోపలికి రానివ్వరు. పీపీబీ అంటే వంద కోట్ల వంతుల్లో ఒక వంతు, అంత సన్నటి లెక్క అది. ఇంకో చిక్కేమిటంటే ఈ విషం లాటంతా సమానంగా ఉండదు, ఏ నాలుగు టిక్కీల్లోనో (టిక్కీ అంటే మిర్చి బస్తా) ఉంటది, మచ్చు తీసినప్పుడు ఆ టిక్కీలు తగలకపోతే ఇక్కడ ల్యాబ్‌లో పాసయిపోయిద్ది, అక్కడ పట్టుబడిద్ది. కాబట్టి ఈ పనిలో కళ్ళతో చూసి చేత్తో పట్టుకుని నెమ్ము కనిపెట్టే మనిషి మాటకి చాలా విలువ. క్వాలిటీలో కొత్తగా చేరిన కుర్రాడొకడు కొన్ని టిక్కీల్లో నెమ్ము చూశాడు, వాళ్ళ సూపర్‌వైజర్‌కి చెప్పాడు కూడా. ఆ సూపర్‌వైజర్ ఏమన్నాడంటే ఇప్పుడు ఆయనకి చెప్తే మనల్ని బతకనివ్వడు, కంటైనర్ ఇవాళే కదలాలి, ల్యాబ్ పాస్ చేసింది కదా నోరుమూసుకో అన్నాడు. కంటైనర్ వెళ్ళింది, అక్కడ మళ్ళీ టెస్ట్ చేశారు, ఫెయిలయింది, వెనక్కి వచ్చింది. రానూ పోనూ ఫ్రైటు, అక్కడి పోర్టు ఛార్జీలు, మళ్ళీ ఇక్కడ ఏరించిన కూలి అన్నీ నా పుస్తకంలోనే రాశాను కాబట్టి ఎంత పోయిందో నాకు తెలుసు, చెప్పను.

తర్వాత పెద్ద మీటింగు. ఎవడు చేశాడు ఇది, ఎవడు, అని గంటసేపు అరుపులు. చివరికి ఆ కుర్రాడి ఉద్యోగం పోయింది, చూసిందీ వాడే పోగొట్టుకుందీ వాడే. ముందే చూసినోడు నీ దాకా వచ్చి ఎందుకు చెప్పలేకపోయాడు అనే ప్రశ్న మాత్రం ఆ గదిలో ఎవరి నోటా రాలేదు, ఆ ప్రశ్న వేస్తే జవాబు మేనేజర్ గారి కుర్చీ దగ్గరికే వచ్చి ఆగుద్ది కదా.

నేను చెప్పదల్చుకుంది ఇదే అండి. మంచి గుణం అంటే ఏదో స్వర్గానికి పోవడానికి పనికొచ్చే విషయం, వ్యాపారానికి తెలివి చాలు అని మన దగ్గర చాలామంది ఓనర్ల ఆలోచన. కానీ పైన కూర్చున్నోడు అన్నీ స్వయంగా చూడలేడు, కిందోళ్ళు చెప్పిన దాన్ని బట్టే నిర్ణయాలు తీసుకుంటాడు, మరి కిందోళ్ళు భయంతోనో చిరాకుతోనో నిజం చెప్పడం మానేస్తే ఆయన తెలివి ఏం చేసుకోవాలి? తప్పు లెక్క ఇచ్చి ఎంత బాగా కూడినా మొత్తం తప్పే వచ్చిద్ది. మాట మీద నిలబడతాడు, తన తప్పు ఒప్పుకుంటాడు, కిందోడి తప్పుని అడ్డం పెట్టుకుని తను తప్పుకోడు అనే నమ్మకం ఉంటేనే ఎవరైనా చెడ్డ కబురు మోసుకుని లోపలికి వెళ్తారు. లేకపోతే అంతా బాగుంది సార్ అనే మాటే వినబడిద్ది, కంపెనీ మునిగే రోజు దాకా.

పెద్ద కంపెనీల్లో ఇట్టా ఉండదులే అనుకునే వాళ్ళకి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గుర్తుచేస్తాను. మన జిల్లాల నుంచి ఎంతమంది పిల్లలు అందులో చేరారో మీకు తెలుసు, అందులో ఉద్యోగం అంటే పెళ్ళి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. 2008 సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్, అంటే కంపెనీని పద్ధతిగా నిజాయితీగా నడపడం, బాగా చేస్తున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు గారే లెటర్ రాసి పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. మధ్యలో నాలుగు నెలలు. నాలాంటి లెక్కల మనిషికి ఆ లెటర్లో భయం వేసిన విషయం ఆ అంకె కాదు, మొదట్లో చిన్న తేడాగా మొదలై ఏళ్ళ మీద పెరుగుతూ పోయిందని రాయడం. అంటే మొదటి క్వార్టర్‌లో ఈసారి లాభం తక్కువొచ్చింది అని చెప్పేసి ఉంటే షేరు నాలుగు రోజులు పడి లేచేది, అంతే. దొంగ లెక్కలు పట్టుకోడానికి అక్కడ ఎంబీఏలూ సీఏలూ తక్కువయ్యారా, పెద్ద ఆడిట్ కంపెనీ లేదా, బోర్డులో మేధావులు లేరా, అందరూ ఉన్నారు. యాభై వేల మందికి పైగా ఉద్యోగులు వచ్చే నెల జీతం వస్తదో రాదో అని బిక్కుబిక్కుమంటూ ఉంటే గవర్నమెంటు కొత్త బోర్డు వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా తీసుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోర్టు రామలింగరాజు గారికి ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది, ఆ తర్వాత అప్పీలు, బెయిలు సంగతి వేరే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2005లో 108 అంబులెన్స్ మొదలుపెట్టింది కూడా అదే రామలింగరాజు గారు. దాని వల్ల బతికిన వాళ్ళు మన ప్రతి ఊళ్ళో ఉన్నారు, ఆ పుణ్యం ఎవరూ కాదనలేరు. అందుకే దానధర్మాలు చూసి మనిషి గుణం లెక్కకట్టొద్దు అంటాను నేను. దానం నలుగురూ చూస్తుండగా చేసేది, లెక్క రాసేది తలుపేసుకుని. మన ఊళ్ళలోనూ చూడండి, గుళ్ళో అన్నదానానికి లక్ష రూపాయలు ఇచ్చి పేరు చెక్కించుకున్న ఓనర్ ఫ్యాక్టరీలో పీఎఫ్ సంగతి అడిగితే నీళ్ళు నములుతారు. జీతంలో 12 శాతం మన దగ్గర కట్ చేస్తారు, ఓనర్ తన వంతు ఇంకో 12 శాతం వెయ్యాలి, తర్వాతి నెల 15వ తారీకు లోపల కట్టెయ్యాలి. కట్ చేసి కట్టకుండా వాడుకుంటే చట్టం దాన్ని నమ్మకద్రోహం కిందే చూస్తది, ఇది చాలామంది ఉద్యోగులకి తెలియనే తెలియదు. మీ కంపెనీ పెద్దాయన గుణం ఎట్టాంటిదో తెలుసుకోవాలంటే ఆయన ఉపన్యాసం వినక్కర్లేదు, ఉమంగ్ యాప్‌లో మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఏ నెలది ఏ నెలలో పడిందో చూసుకోండి చాలు.

ఇంకొకటి, ఇది రాస్తే మీరు కత్తిరిస్తారేమో గానీ రాస్తాను. మన బెజవాడ గుంటూరుల్లో మేనేజర్‌ని పెట్టుకునేటప్పుడు అందరూ లోపల వేసుకునే మొదటి ప్రశ్న మనోడా కాదా అని. మనోడైతే లేట్‌గా వస్తే ట్రాఫిక్, పక్కోడు లేట్‌గా వస్తే క్రమశిక్షణ లేదు. ఏ కులపోళ్ళ ఆఫీసైనా ఇదే తంతు, ఒకళ్ళని అనడానికి లేదు. ఇంక్రిమెంట్ లిస్టు టైపు చేసేది మేమే కాబట్టి ఆ లిస్టు చూడగానే అర్థమైపోద్ది, పని చూసి రాశారా ఇంటిపేరు చూసి రాశారా అని, మాకే కాదు రెండు రోజుల్లో వాచ్‌మెన్‌కి కూడా తెలిసిపోద్ది. ఇక ఆ తర్వాత ఎన్ని టీమ్ బిల్డింగ్ పిక్నిక్‌లు పెట్టినా భవానీ ద్వీపం బోటింగ్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అట్టాగని మెత్తగా ఉండేవాడే మంచోడు అని కూడా నేను అనను. ఇంకో మేనేజర్ దగ్గర పని చేశాను, బంగారం లాంటి మనిషి అని అందరూ అనేవారు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, అందరి పెళ్ళిళ్ళకీ వస్తాడు, కానీ ఎవరికీ కాదు అని చెప్పలేడు. స్టాకులో ఒకడు టిక్కీలు మాయం చేస్తున్నాడని తెలిసి కూడా పిల్లలు గలోడు పాపం అని ఏడాది నాన్చాడు, ఆ లోటు చివరికి ఏ పాపం ఎరగని ఇద్దరు కుర్రాళ్ళ మెడకి చుట్టుకుంది. నాకైతే ఆయన మీద గౌరవం పోయింది. చెడ్డపేరు వచ్చిద్దేమోనని న్యాయం చెయ్యకుండా ఊరుకోవడం కూడా పిరికితనమే, దానికి మంచితనం అని పేరు పెట్టుకుంటే ఎట్టా.

దీనికి అటు పక్క ఉదాహరణ ఒకటి చెప్తాను. మా బావగారు విజయవాడ సింగ్ నగర్లో ఉంటారు, ఒక ప్రైవేట్ కంపెనీలో చేస్తారు, వాళ్ళ బ్రాంచి మేనేజర్ అంటే హడల్, లీవు అడగాలంటే పది ప్రశ్నలు వేస్తాడు, బిల్లు లేకుండా ఆటో ఛార్జీ కూడా ఇవ్వడు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి వచ్చి పడింది కదా, తెల్లారేసరికి గ్రౌండ్ ఫ్లోర్లు మునిగిపోయాయి, కరెంట్ లేదు, ఫోన్లు లేవు, మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు వరద. ఆ గొడవలో ఆ మేనేజర్ గారు స్టాఫ్ లిస్టు ముందేసుకుని ఎవరెవరు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఉన్నారో చూసుకుని ఒక్కొక్కళ్ళ చుట్టాలకి ఫోన్లు చేసి ఆచూకీ కనుక్కున్నాడంట, ఫ్లైఓవర్ దాకా వచ్చి పడవ వాళ్ళని బతిమాలి పాల ప్యాకెట్లు, నీళ్ళు పంపించాడంట. తర్వాత హెడ్డాఫీసు వాళ్ళు ఆ రోజులన్నీ లీవు కింద రాయమంటే కుదరదు అని మెయిల్ పెట్టాడు, దాని మీద ఆయనకి పైనుంచి మాట కూడా వచ్చింది. ఇప్పటికీ లీవు అడిగితే పది ప్రశ్నలే, మా బావగారు ఇప్పటికీ తిట్టుకుంటారు, కానీ వేరే కంపెనీ ఎక్కువ జీతం ఇస్తామన్నా కదల్లేదు. ఆ బ్రాంచిలో ఎవరైనా తప్పు చేస్తే సాయంత్రం లోపల ఆయనకే వచ్చి చెప్తారంట, ఎందుకంటే తిడతాడు గానీ ముంచడు అని తెలుసు.

మా పాత మేనేజర్ గారు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తరచూ పెట్టే కథ ఒకటుంది, మీరూ చదివే ఉంటారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్సెల్వీ 3 రాకెట్ ప్రయోగం ఫెయిలై సముద్రంలో పడితే ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు విలేకరుల ముందు తనే కూర్చుని బాధ్యత తీసుకున్నారు, 1980 జులై 18న సక్సెస్ అయినప్పుడు మాత్రం ప్రాజెక్ట్ చూసిన కలామ్ గారిని మాట్లాడమని ముందుకి పంపారు. కలామ్ గారే ఎన్నో సభల్లో చెప్పిన విషయం ఇది. కంప్యూటర్ ఆపమన్నా నిపుణుల మాట విని ప్రయోగానికి ముందుకెళ్ళిన సంగతి కూడా ఆయన దాచుకోలేదు, రెండో దశలో లీకు అని కారణం పట్టుకున్నారు, సరిచేశారు, ఏడాది తిరక్కుండా ఎగిరింది. జరిగింది జరిగినట్టు బయటికి చెప్పుకోగలిగారు కాబట్టే అంత తొందరగా అయ్యింది అని నా అభిప్రాయం. ఈ కథ పెట్టి కింద రెండు దణ్ణాల బొమ్మలు కూడా పెట్టే మనిషే ఆ కంటైనర్ రోజున క్వాలిటీ కుర్రాణ్ణి ఇంటికి పంపింది, అదేం విచిత్రమో.

గుణం లేనోళ్ళు కూడా పైకి వస్తున్నారు కదా, సేల్స్ తెస్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. వస్తున్నారు, నేను కాదనను. ఓ రెండు మూడేళ్ళు లెక్కలు కూడా బాగానే కనబడతాయి. ఆ లోపల ఏం జరుగుద్దంటే పని తెలిసిన వాళ్ళు, బయట ఉద్యోగం దొరికే వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు, ఎక్కడికీ పోలేని వాళ్ళూ, సార్ సార్ అని తిరిగే వాళ్ళూ మిగులుతారు. అది బ్యాలెన్స్ షీటులో ఏ లైన్లోనూ కనబడదు. ఆ మేనేజర్ గారు ఈ లోపల ఆ రెండేళ్ళ అంకెలు రెజ్యూమెలో పెట్టుకుని ఇంకో కంపెనీకి ఇంకా పెద్ద పోస్టుకి వెళ్ళిపోతారు.

ఇంటర్వ్యూలో ఇది తెలుసుకోవడం కష్టమే. మిర్చి యార్డులో టిక్కీ పైన నిగనిగలాడే కాయ పరిచి అడుగున తాలు కాయ నింపినట్టు, గంట కూర్చోబెడితే ఎవరైనా మంచి కాయే చూపిస్తారు. కమీషన్ వ్యాపారి ఏం చేస్తాడు, టిక్కీ నడుములో చెయ్యి పెట్టి లోపలి కాయ తీసి చూస్తాడు. కంపెనీల వాళ్ళు ఆ మాత్రం చెయ్యలేరా? ఒకణ్ణి మేనేజర్‌ని చేసేముందు పాత చోట ఆయన పైవాళ్ళని కాదు, ఆయన కింద పని చేసిన వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. డ్రైవర్ని అడగండి. గోడౌన్‌లో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళని అడిగితే మనిషి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తారు, హెచ్ఆర్ వాళ్ళ ఫారాలు అక్కర్లేదు. ఉద్యోగం వెతుక్కునే పిల్లలకి కూడా అదే చెప్తాను, జీతం ఎంత అని అడగడంతో పాటు ఆ సీటులో ఇంతకుముందు ఎవరున్నారు, ఎందుకు మానేశారు అని అడగండి, ఆ ప్రశ్నకి ఎదుటోడి ముఖం చూడండి.

మీకు ఒక విన్నపం. లీడర్‌షిప్ వ్యాసాలు మీరు ఎప్పుడూ పెద్ద పోస్టుల్లో ఉన్న వాళ్ళ చేతే రాయిస్తారు. ఈసారి గుమస్తాలు, సేల్స్ కుర్రాళ్ళు, నర్సులు, ప్రైవేటు స్కూలు టీచర్లు తమ పైవాళ్ళ గురించి ఏం చెప్తారో నాలుగు ఆదివారాలు వెయ్యండి, పేర్లు లేకుండానే వెయ్యండి, కుప్పలుగా వస్తాయి ఉత్తరాలు.

నా పేరు కూడా వెయ్యొద్దండి దయచేసి. ఇప్పుడున్న ఓనర్ గారు మంచోరే, కానీ మీ పేపరు మా ఆఫీసుకి రోజూ వస్తది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.